వేదిక కోసం రాసిన ప్రెస్‌నోట్

మా సాహిత్య సంఘానికి ప్రెస్‌నోట్లు రాసే పని చాలాకాలంగా నాదే. ఆ పనిలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఇప్పటికీ నన్ను బాధిస్తోంది. చిన్న సంఘాల భారం నెత్తిన వేసుకున్నవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట మా శ్రీకాకుళం జిల్లాలోదే. సవర గిరిజనుల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన మనిషి ఆయన. అందుకే ఆ జయంతికి, సవర పాటలు సేకరించిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిని పిలిచాం.

ప్రెస్‌నోట్ నేనే రాశాను. మొదటి పేరా నిండా అధ్యక్షులవారి బిరుదులు. రెండో పేరాలో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ఒక్క పేరు వదిలినా ఎవరు అలుగుతారోనని నా భయం. వక్త పేరు పక్కన 'బహుముఖ ప్రజ్ఞాశాలి' అని రాశానే తప్ప, ఆయన ఏం మాట్లాడతారో ఒక్క ముక్క రాయలేదు. హాలు పేరు, వేళ చిట్టచివరి వాక్యంలో పెట్టాను. పీడీఎఫ్ చేసి, ముందురోజు సాయంత్రం విలేకరులకు వాట్సాప్‌లో పంపాను.

మర్నాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. బిరుదులున్నాయి. హాలు పేరు లేదు, వేళ లేదు. కోపంగా కంట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు: "చోటు చాలకపోతే డెస్క్‌లో కిందనుంచి కోసేస్తారు మాస్టారూ. అసలు సంగతి మీరు కిందే పెట్టారు కదండీ."

ఆ సాయంత్రం హాల్లో ఉన్నది మా సభ్యులు, వాళ్ల ఇళ్లవాళ్లే. ఉపాధ్యాయుడు నోటుపుస్తకాలు తెరిచి, పాట పాడి, అర్థం చెప్పి, ఆ పాట ఏ పండగకు పాడతారో వివరించారు. తర్వాత కొన్నాళ్లకు, ఊళ్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న సవర కుర్రాడొకడు కలిశాడు. "పేపర్లో చూశానండి. మా పాటల గురించని రాయలేదు కదండీ, తెలిస్తే మేమంతా వచ్చేవాళ్లం" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

చదివేవాడికి అర్థమయ్యేలా రాయాలని జీవితమంతా పోరాడిన మనిషి గిడుగు. 1940 జనవరిలో కన్నుమూయడానికి కొద్దిరోజుల ముందు కూడా పత్రికా సంపాదకులకే విన్నపం చేసుకున్నారు. ఆయన పేరు మీద జరిగే సభకు నేను పొగడ్తలు రాసి పంపాను. వేదిక మీద కూర్చునేవాళ్లకు సభ సంగతి ముందే తెలుసు. తెలియనివాళ్లకు చెప్పడానికే పత్రిక. నేను రాసింది మాత్రం వేదిక మీదివాళ్ల కోసం.

ఇప్పుడు మొదటి వాక్యంలోనే ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి రాస్తున్నాను. రెండో వాక్యంలో వక్త ఏం చెబుతారో, అది ఎవరికి పనికొస్తుందో. అతిథుల పేర్లు చివర. కోత పడితే పోయేవి అవే. పీడీఎఫ్ పంపితే విలేకరి మళ్లీ టైపు చేసుకోవాలి, తప్పులు దొర్లుతాయి. అందుకని యూనికోడ్‌లో టైపు చేసి మెసేజ్‌గానే పంపుతున్నాను. 'నేటి కార్యక్రమాలు' శీర్షికకు ఒక్క వాక్యం విడిగా, ముందుగానే ఇస్తున్నాను. శాలువాల వరస ఫోటో మానేసి వక్త ఫోటో పంపుతున్నాను. వాట్సాప్‌లో నాణ్యత తగ్గకుండా దాన్ని డాక్యుమెంట్‌గా పెడుతున్నాను. పేరు వెనక్కి పోయిందని అలిగినవాళ్లున్నారు. వాళ్లకు ఆ కుర్రాడి మాట చెబుతున్నాను.

సంఘాల కార్యదర్శులకు నా మనవి ఒక్కటే. ప్రెస్‌నోట్ పంపేముందు మీ సంఘంతో సంబంధం లేనివాళ్లెవరికైనా చదివి వినిపించండి. ఎక్కడికి, ఎప్పుడు, ఎందుకు రావాలో వాళ్లు తిరిగి చెప్పగలిగితేనే పంపండి.