రూపాయి పతనం: ఇంటికో అభిప్రాయం

రూపాయికీ డాలరుకూ మధ్య మారకం రేటు ముంబైలో తేలుతుందని ఆర్థికశాస్త్ర పుస్తకాలు చెబుతాయి. ఆ రేటు మంచిదా చెడ్డదా అన్నది మాత్రం కృష్ణా డెల్టాలో ఇంటింటా విడివిడిగా తేలుతుంది.

డెల్టాకు ఈ బేరం కొత్తది కాదు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బట్టల కోసం మచిలీపట్నంలో దిగారు. ఆ కాలంలో నాణేలు మార్చి ఇచ్చి వట్టం పట్టుకోవడమే సరాఫులకు జీవనాధారం. మద్రాసు వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు. 1818లో ఈస్టిండియా కంపెనీవారు రూపాయిని ప్రమాణంగా పెట్టుకుని, 100 వరహాలకు 350 రూపాయలని ఖాయం చేశారు. ఇదంతా నోటిలెక్కన తేల్చినవాళ్లకు డాలరు ఒక లెక్కలోది కాదు.

నోటిలెక్క పోయాక వాట్సాప్ వచ్చింది. 1947లో రూపాయి, డాలరు సరిసమానమని ఏటా ఆగస్టు 15కి ఒక సందేశం తిరుగుతుంది. అప్పటి రూపాయి ముడిపడి ఉన్నది డాలరుతో కాదు, పౌనుతో. పౌనుకు 13 రూపాయల 5 అణాల చిల్లర. అదే పౌనుకు అమెరికాలో 4.03 డాలర్లు. భాగిస్తే డాలరుకు 3.30 రూపాయలొస్తుంది. కాకపోతే భాగహారం కన్నా ఫార్వర్డు తేలిక.

1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌను విలువ తగ్గించుకుంటే రూపాయీ దాని వెంటే నడిచి 4.76కు చేరింది. 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం ఒక్క దెబ్బతో 7.50 చేసింది. అంతకు ముందు ఏడే అమెరికా తన వలస చట్టం మార్చి, దేశాలవారీ కోటాలు ఎత్తేసింది. గుంటూరు, విశాఖ వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు విమానమెక్కారు. మారకద్రవ్యం కరువు రోజులు కనుక జేబులో పెట్టుకుపోనిచ్చింది ఎనిమిది డాలర్లు, అంటే అరవై రూపాయలు. డెల్టా మొత్తం ఎగుమతి చరిత్రలో ఇంత తక్కువ పెట్టుబడి మీద ఇంత రాబడి మరే సరుకూ ఇవ్వలేదు.

1991 జూన్ 21న తెలుగువాడు ప్రధాని అయ్యాడు. సంబరం చల్లారకముందే, జులై 1న ఒకసారి, 3న మరోసారి, పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. 21 దాకా ఉన్న డాలరు 26 దగ్గరికి వెళ్లింది. ఖజానాలో దిగుమతులకు రెండు మూడు వారాలకు సరిపడా సొమ్ము మాత్రమే మిగిలిన రోజులవి. బంగారం లండన్‌కు తాకట్టు వెళ్లింది. 1993 మార్చి నుంచి రేటును మార్కెట్టుకే వదిలేశారు. అప్పుడది 31.

ఆ తరువాత వచ్చిన వై2కె భయం అమెరికాకు ముప్పు, బెజవాడ కంప్యూటర్ శిక్షణ కేంద్రాలకు పండగ. పెళ్లిళ్ల పేరయ్య దగ్గర వరుడి జీతం డాలర్లలో చెప్పడం, వధువు తండ్రి మనసులోనే దాన్ని రేటుతో గుణించుకోవడం ఆచారమైంది. ఏ పూట రేటుతో గుణించాలన్నది మాత్రం శాస్త్రంలో లేదు. కట్నం ఖాయమయ్యాక రూపాయి బలపడితే వియ్యంకులు ఆ నష్టాన్ని ఎలా పంచుకోవాలో రిజర్వు బ్యాంకు కూడా చెప్పలేదు.

అసలు విద్య 2011లో వెళ్లినవాళ్లకు తెలిసింది. ఆ జులైలో డాలరు 45 లోపే. ఎమ్మెస్ కోసం 20 లక్షల విద్యారుణం తీసుకున్న కుర్రాడికి 45 లెక్కన దాదాపు 44,400 డాలర్లు చేతికొచ్చాయి. 2013 మేలో అమెరికా ఫెడరల్ రిజర్వు చీఫ్ బెర్నాంకీ బాండ్ల కొనుగోలు తగ్గిస్తామనేసరికి ఇక్కడి డాలర్లు వెనక్కి మళ్లాయి; ఆగస్టు 28న రేటు 68 దాటింది. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు. పదవీకాలంలో మిగిలింది వారం. ఆయనకది నిద్రపట్టని వారం. చదువు ముగించి ఉద్యోగంలో చేరిన ఆ కుర్రాడికి మాత్రం, వడ్డీ మాట పక్కనబెడితే, అదే 20 లక్షల బాకీ 29,400 డాలర్లకు కుంచించుకుపోయింది. అసలులో మూడో వంతు ఎవరో తీర్చిపెట్టినట్టు!

సిద్ధాంతం ఇక్కడ పుట్టింది. పిల్లవాడు వెళ్లేముందు రూపాయి పడితే ప్రభుత్వం చేతకానిది. ఉద్యోగమొచ్చాక పడితే అంతర్జాతీయ పరిస్థితులు. పెద్దవాడు డాలస్‌లో సంపాదిస్తూ, చిన్నవాడు బెజవాడ బెంజి సర్కిల్ దగ్గరి కన్సల్టెన్సీలో ఫీజు లెక్కలు వేయించుకునే ఇల్లు ఈ విషయంలో తటస్థం. వచ్చిన డాలరును తిరిగి మింగేది భూమి. పంపేవాళ్లు పెరిగేకొద్దీ పోరంకి, పెనమలూరు గజాల ధర కూడా పెరుగుతుంది కనుక, రూపాయి ఎంత పడ్డా డాలరుకు వచ్చే నేల అంత పెరగదు. పడ్డది రూపాయా, డాలరా అన్న ప్రశ్న రిజిస్ట్రారు ఆఫీసులో ఎవరూ వేయరు.

చెరువుల లెక్క వేరు. 2009 తరువాత వనామి రకం వచ్చాక కైకలూరు, భీమవరం చుట్టుపక్కల రొయ్య డాలర్లలో ఈదుతోంది. పెద్ద కొనుగోలుదారు అమెరికాయే. రూపాయి పడితే రైతుకు నాలుగు రూపాయలు మిగలాలి. మధ్యలో కొనుగోలుదారు కౌంటు, అంటే కిలోకెన్ని రొయ్యలో, చూస్తాడు, ధర కడతాడు. రూపాయి పెరిగిన రోజున మారకం రేటు గురించి వివరంగా చెబుతాడు, పడిన రోజున అంతర్జాతీయ గిరాకీ గురించి చెబుతాడు. హేచరీలకు తల్లిరొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి డాలర్లకే వస్తాయి కనుక పిల్ల ఖర్చు మాత్రం రేటుతోపాటు పెరుగుతుంది.

2025 ఆగస్టులో అమెరికా భారత సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది, సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. 40,000 డాలర్ల ఎమ్మెస్ ఫీజు 2011లో 18 లక్షలైతే 2025 డిసెంబరులో 36 లక్షలు. కన్సల్టెన్సీలు మాత్రం రేటు ఇంకా పెరగకముందే కట్టేయమని సలహా ఇస్తున్నాయి.