బాధకు పాసు మార్కులు ఏడు

మనసు బాగాలేదని చెబితే మన సర్కారు నమ్మదు, మార్కులు చూపించమంటుంది. మొత్తం 20, పాసు మార్కులు 7. ఏడు వస్తేనే వైకల్యం నలభై శాతం కింద లెక్క. మానసిక వైకల్యాన్ని తేల్చే ఈ పరీక్ష పేరు ‘ఐడియాస్’. సబ్జెక్టులు నాలుగు: తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటిపనో చేయడం. ఒక్కోదానికి సున్నా నుంచి 4 దాకా. ఎంత చెడితే అన్ని మార్కులు. జబ్బు వయసుకు వేరే లెక్క: రెండేళ్ల లోపైతే 1, ఐదేళ్ల దాకా 2, పదేళ్ల దాకా 3, పదేళ్లు దాటితే 4. సర్కారు కొలువులో సీనియారిటీకున్న మర్యాద రోగానికీ దక్కిందన్నమాట!

లెక్క వేసి చూడండి. ఒకతనికి మూడేళ్లుగా జబ్బు. నాలుగు సబ్జెక్టుల్లో ఒక్కో మార్కు, సీనియారిటీకి 2, వెరసి 6. నలభై శాతం లోపే కాబట్టి ఫెయిల్. ఇదే అవస్థలో ఇంకో మూడేళ్లు ఓపిక పడితే 7 వచ్చి నలభై శాతం అందుకుంటాడు, పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈలోగా తొందరపడి కోలుకున్నాడో, ఉన్న మార్కులూ పోతాయి. పాపం, వాళ్లమ్మ వేళకు మాత్ర వేసి, తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, వైకల్య శాతం తేల్చే సదరం శిబిరానికి తీసుకొస్తుంది. అంత శుభ్రంగా కనిపించాక మార్కులెలా పడతాయి?

జనాన్ని చూస్తే వణికే మనిషికి స్లాట్ బుక్ చేసి, జనం మధ్యే వరసలో నిలబెట్టాలి. వస్తే ‘బాగానే వచ్చాడుగా’ అంటారు. రాకపోతే గైర్హాజరు. పింఛను ఆఫీసును అడిగితే శాతం మా చేతిలో లేదంటుంది. శాతం వేసిన డాక్టరు రూలు నాది కాదంటాడు. రూలుకు నోరు లేదు. చేతులు మారీ మారీ బాధ్యత చివరికి ఆ తల్లి నెత్తినే పడుతుంది. ఆమెకు స్లాట్ అక్కర్లేదు, సెలవూ లేదు.

కొలత లేకపోతే దొంగ సర్టిఫికెట్లు పెరుగుతాయంటారు. సరే, కొలవండి. కొలిచాక ఫెయిలైనవాడికి మాత్రలెవరిస్తారో, నెలకోసారి ఇంటికెవరెళ్లి చూస్తారో కూడా ఆ కాగితం మీదే రాయండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రభుత్వ వైద్యాన్ని ప్రతి ఒక్కరికీ హక్కు చేసింది. దానికి నలభై శాతం షరతు పెట్టలేదు.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. దాన్ని నడిపే యంత్రాంగానికీ ఈ పరీక్ష పెడితే పోలా? తన పని తాను చేసుకోవడం: పైనుంచి ఉత్తర్వు రానిదే కదలదు, 4. నలుగురితో మెలగడం: కసురుకోవడమే తెలుసు, 4. మాట: ‘రేపు రండి’ దాటి రాదు, 4. పని సంగతి వేరే చెప్పాలా, 4. సీనియారిటీ పదేళ్లు ఎప్పుడో దాటింది, ఇంకో 4. ఇరవైకి ఇరవై! నూరు శాతం వైకల్యం, శాశ్వత సర్టిఫికెట్టుకు అన్ని అర్హతలూ ఉన్నాయి. పింఛనంటారా, అది ప్రతి నెలా జీతం పేరుతో అందుతూనే ఉంది.