చిన్న డౌటు గారు

విశాఖపట్నంలో ప్రాక్టీసు ఉన్న ఏ డాక్టరు ఫోను తీసి చూసినా అందులో కనీసం ఒక చిన్న డౌటు గారు ఉంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంటుంది. డాక్టరుగారి ఫోనులో మాత్రం ‘స్టీల్‌ప్లాంట్ బీపీ’ అనో, ‘ఎంవీపీ మోకాళ్ళు’ అనో, ‘గాజువాక గ్యాస్’ అనో ఎక్కి ఉంటారు. ఏ పేట వారైనా పలకరింపు ఒక్కటే: “సార్, చిన్న డౌటు.” ఆ తర్వాత వచ్చేది ఎంత పొడుగుంటుందో అడిగేవారికే తెలియదు.

మచ్చుకి ఉక్కు కర్మాగారంలో రిటైరైన చిన్న డౌటు గారిని తీసుకుందాం. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు బ్లాస్ట్ ఫర్నేసుల్లో ఏదో ఒకదాని కంట్రోల్ రూములో ఆయన సర్వీసంతా గడిచింది. వేడి ఎంత, ఒత్తిడి ఎంత అని గంటగంటకీ లాగ్‌బుక్కులో రాయడం చేతికి అలవాటైపోయింది. ఇప్పుడు కొలవడానికి ఫర్నేసు లేదు కనుక తనను తానే కొలుచుకుంటున్నారు. డాక్టరుగారికి రోజూ వెళ్ళే మెసేజి అచ్చం షిఫ్టు రిపోర్టే: “ఏ షిఫ్టు 138/86. బి షిఫ్టు 142/90, అబ్బాయి అమెరికా నుంచి ఫోను చేశాక. సి షిఫ్టు నిద్ర లేదు, రీడింగు లేదు.”

నిజానికి ఇది డాక్టర్లకు కరువున్న ఊరు కాదు. ఉక్కునగరంలో జనరల్ ఆసుపత్రి ఉంది. పోర్టువారికి సాలగ్రామపురంలో గోల్డెన్ జూబ్లీ ఆసుపత్రి, నేవీవారికి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి, రైల్వేవారికి వాళ్ళ ఆసుపత్రి ఉన్నాయి. ఇవేవీ లేనివారికి 1923 నుంచి కేజీహెచ్ ఉంది. అదే ఏడు మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల వందేళ్ళకు పైగా డాక్టర్లను తయారుచేసి ఊరి మీదికి పంపుతూనే ఉంది. అయినా చిన్న డౌటు గారికి కావలసింది డాక్టరు కాదు, డాక్టరుగారి సొంత నంబరు. మందుల చీటీ మీద అచ్చేసిన రిసెప్షన్ నంబరంటే ఆయనకు లెక్కలేదు. తోడల్లుడి స్నేహితుణ్ణి పట్టుకునో, మెడికల్ షాపు కుర్రాణ్ణి బతిమాలో అసలు నంబరు సంపాదిస్తారు. “కార్డియాలజిస్టు నంబరు నా దగ్గరుంది, కావాలా?” అనడంలో ఉన్న దర్జా, “నా గుండె బాగానే ఉంది” అనడంలో ఎక్కడుంటుంది?

తెల్లారి అయిదింటికి సింహాద్రి అప్పన్న ఫొటోతో శుభోదయం వెళుతుంది. భక్తి సంగతి అలా ఉంచితే, డాక్టరుగారు లేచారో లేదో కనిపెట్టడానికి అది పనికొస్తుంది. వెనకే రక్తపరీక్ష రిపోర్టు. ఫొటోలో సగం కాగితం, పావు వంతు టేబుల్ గుడ్డ, మిగతా పావూ ఆయన బొటనవేలు. ఏ మందు వాడుతున్నారో పట్టీ ఫొటో పెట్టమంటే సరిగ్గా పేరున్నచోటే చిరిగిన పట్టీని పెడతారు. “పొద్దున తెల్లది, రాత్రి గులాబీరంగుది” అని కింద వివరణ. వాయిస్ మెసేజి అయితే నాలుగు నిమిషాలకు తగ్గదు. అందులో కుక్కరు విజిళ్ళు మూడు, పక్కింటి కుక్క అరుపు, వెనక నుంచి ఇంటావిడ గొంతు: “అబద్ధాలు చెప్పకండి. నిన్న బీచిలో రెండు పొట్లాల మురీ మిక్చరు తిన్నారు.” డాక్టరుగారు రెండోసారి పెట్టుకుని మరీ వినేది ఆ గొంతునే. కేసు మొత్తానికి నమ్మదగిన సాక్ష్యం అదొక్కటే.

2014 నవంబరులో వాట్సాప్ నీలి టిక్కులు తెచ్చింది. అంతవరకూ “చూడలేదండీ” అని తప్పించుకునే వీలున్న డాక్టర్లకు ఆ దారి మూసుకుపోయింది. “చూశారు, అయినా పలకలేదు” అని చిన్న డౌటు గారు కాలనీ అంతా చెప్పుకుని బాధపడతారు. అరగంట ఆగి “సార్??” అంటారు. ఇంకో అరగంటకు దండం పెట్టే బొమ్మ. ఆ తర్వాత దండం తీసేసి, ఉత్త ప్రశ్నార్థకాలు.

ఫోనులో దొరకకపోతే మనిషినే పట్టుకుంటారు. బీచ్ రోడ్డు మీద కురుసుర సబ్‌మెరైన్ దగ్గర డాక్టరుగారు ఉదయపు నడకలో ఎదురైతే, “మీరు ఆగకండి సార్, నడుస్తూనే చెప్తాను” అని పక్కన చేరతారు. మాట పూర్తికాకముందే దీపస్తంభం కింద నిలబెట్టి నాలుక చాపుతారు. చుట్టూ నడిచేవాళ్ళు కూడా ఆగి, ఆ నాలుక మీద తలో అభిప్రాయం చెబుతారు. పెళ్ళి భోజనాల్లో అయితే ఇంకా తీరిక. డాక్టరుగారి విస్తట్లో పూర్ణం వంక చూస్తూ, “మీరే తింటున్నారు కదా, షుగరుకి పరవాలేదన్నమాట” అని తేల్చేస్తారు.

ఈ జాతి వాట్సాప్‌తో పుట్టిందనుకుంటే పొరపాటు. బెల్ టెలిఫోనుకు పేటెంటు తీసుకున్నది 1876లో. నాలుగేళ్ళు తిరక్కుండానే, 1879లో, లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఒక ముచ్చట అచ్చువేసింది. పసిబిడ్డ దగ్గుకు హడలిపోయిన ఇంటివారు అర్ధరాత్రి డాక్టరుకు ఫోను చేశారు. బిడ్డను ఫోను దగ్గరికి ఎత్తి పట్టుకోమని, ఆ దగ్గు విని, భయపడాల్సిన జబ్బు కాదని చెప్పి ఆయన పడుకున్నాడు.

మనది ఓడరేవు ఊరు కనుక ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. నడిసముద్రంలో నావికులకు జబ్బుచేస్తే రేడియోలో సలహా చెప్పడానికి 1935లో రోము నగరంలో సీఐఆర్ఎం అనే కేంద్రం పెట్టారు. దాని తొలి అధ్యక్షుడు రేడియో మార్కోనీయే. ఓడ నుంచి వైద్యుడికి వెళ్ళాల్సినవి వయసు, నాడి, జ్వరం, బీపీ, బాధ ఎప్పుడు మొదలైంది, ఓడలో ఏ మందులున్నాయి అన్న వివరాలు. కేజీహెచ్‌కు ఆటో దూరంలో కూర్చున్న మన చిన్న డౌటు గారి మెసేజిలో ఇవి తప్ప అన్నీ ఉంటాయి.

డాక్టర్లు బిగుసుకోవడానికి కారణం లేకపోలేదు. మహారాష్ట్రలోని రత్నగిరిలో ఒక బాలింత మరణించిన కేసులో, దగ్గర లేకుండా ఫోను మీద మందులు చెప్పిన డాక్టర్లకు 2018లో బొంబాయి హైకోర్టు ముందస్తు బెయిలు నిరాకరించింది. ఆ తర్వాత ఫోనులో ఏ మందు పేరు పలకాలన్నా చాలామంది జంకారు. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25నే టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చి దారి చూపాయి. వాట్సాప్ పేరు అందులోనే ఉంది. అదే జబ్బుకు ఆరు నెలల్లోపు నేరుగా చూసిన రోగి అయితే ఫోనులో కొనసాగింపు సలహా ఇవ్వచ్చు. రోగి ఎవరో, వయసెంతో తెలుసుకోవాలి, రికార్డు దాచాలి, మత్తునిచ్చే కొన్ని మందులు రాయకూడదు, ఫీజు తీసుకోవచ్చు. వీటిలో వాట్సాప్ అన్న ముక్క చిన్న డౌటు గారికి కంఠతా వచ్చు. ఫీజు అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు కనబడదు. “ఈసారి వచ్చినప్పుడు కలిపి ఇచ్చేస్తాను సార్” అంటారు. ఈసారి రారు, మెసేజి పెడతారు.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. 67 దేశాల లెక్కలు చూసి 2017లో బీఎంజే ఓపెన్ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రాథమిక వైద్యుడు ఒక రోగికి ఇచ్చే సమయం స్వీడన్‌లో 22 నిమిషాల పైచిలుకు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. మూడు గంటలు వరండా బెంచీ మీద కూర్చున్నవాడికి ఆ రెండు నిమిషాల్లో నోరు పెగలదు. అసలు ప్రశ్న ఆసుపత్రి మెట్లు దిగుతుంటే గుర్తొస్తుంది. మెడికల్ షాపులో డాక్టరు రాసిన కంపెనీ మందు లేక ఇంకోటి చేతిలో పెడితే, రెండూ ఒకటేనా అన్న అనుమానం నిజంగా అడగవలసిందే. ఊళ్ళో కొందరు డాక్టర్లు రాత్రి ఒక గంట మెసేజిలకని కేటాయించుకున్నారంటే, ఇలాంటి ప్రశ్నల కోసమే.

నవ్వడానికి వీల్లేని చోటు ఒకటుంది. పుల్లటి త్రేన్పుకి పది మెసేజిలు పంపే మనిషే, ఒక రాత్రి ఛాతీ పట్టేసి, ఒళ్ళంతా చెమటలు పోసి, ఎడమ చెయ్యి లాగుతున్నా “సార్, చిన్న డౌటు. గ్యాసేనా?” అని పెట్టి టిక్కులు చూస్తూ కూర్చుంటారు. అవతల డాక్టరుగారి ఫోను ఛార్జింగులో ఉంటుంది. గుండె రక్తనాళం పూడితే ప్రతి నిమిషమూ కండరం పాడవుతూనే ఉంటుంది.

కనుక చిన్న డౌటు గారూ, మాత్ర తిండికి ముందా తర్వాతా అన్న ప్రశ్నకు డాక్టరుగారు చెప్పిన వేళలో ఒక్క మెసేజి చాలు. పేరు, వయసు, చిరగని పట్టీ ఫొటో జతచేయండి. నంబరు దొరకనివారికి ఈ-సంజీవని ఉంది. 2020 ఏప్రిల్ నుంచి ఇంట్లో కూర్చునే డాక్టరుతో ఉచితంగా మాట్లాడవచ్చు. ఛాతీ నొప్పి వచ్చినా, మాట తడబడినా, ఊపిరి అందకపోయినా మాత్రం మెసేజి పెట్టకండి. 108కి ఫోను చెయ్యండి.