రాత్రికి రాత్రే వచ్చిందట!

ఇప్పటి పిల్లలకు పేరు రావడమంటే ఫోన్‌లో కనిపించే అంకె. అర నిమిషం వీడియో పెట్టడం, తెల్లారి లేచి ఎంతమంది చూశారో లెక్కపెట్టుకోవడం. పైగా "బీటిల్స్ కూడా అమెరికాలో రాత్రికి రాత్రే స్టార్లయిపోయారు కదా తాతగారూ" అని నాకే చెబుతారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

అమెరికా ఊగిపోయిన మాట నిజమే. 1964 ఫిబ్రవరి 7న ఆ ఇంగ్లండు పాటల బృందంలోని నలుగురూ న్యూయార్క్‌లో దిగితే విమానాశ్రయం నిండా జనమే. మరో రెండు రోజులకు ఎడ్ సలివాన్ టీవీ షోలో వాళ్లను 7.3 కోట్ల మంది చూశారు. ఏప్రిల్ 4 నాటి బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి 5 స్థానాలూ వాళ్లవే. మరి దానికి ముందు గడిచిన రాత్రుల సంగతి ఎవరైనా అడుగుతున్నారా?

1960లో ఈ లివర్‌పూల్ బృందం జర్మనీలోని హాంబర్గ్ వెళ్లింది. పడక బాంబీ అనే సినిమా హాల్లో, తెర వెనకాల, కిటికీ కూడా లేని కొట్టులో. పక్కనే మరుగుదొడ్లు. గడ్డం గీసుకోవాలన్నా అక్కడి చన్నీళ్లే. క్లబ్బులో మామూలు రోజుల్లో నాలుగున్నర గంటలు, వారాంతంలో 6 గంటలు వాయించాలి. తాగి గోల చేసే జనాన్ని కదలకుండా కూర్చోబెట్టాలి. వాళ్లలో జార్జ్ హారిసన్‌కు అప్పటికి 17 ఏళ్లే. వయసు చాలదని జర్మనీవాళ్లు వెనక్కి పంపేశారు. అయినా మళ్లీ వెళ్లాడు.

1962 జనవరి 1న డెక్కా రికార్డు కంపెనీవాళ్లు పాడించుకుని, వద్దన్నారు. 1963లో ఇంగ్లండంతా వెర్రెత్తిపోతున్నా అమెరికాలోని క్యాపిటల్ కంపెనీ వాళ్ల రికార్డులు వెయ్యనంది. చివరికి తలుపు తెరిపించింది ఎవరనుకున్నారు? 15 ఏళ్ల స్కూలు పిల్ల. టీవీ వార్తల్లో వీళ్లను చూసి, ఇలాంటి పాటలు మీరెందుకు వెయ్యరని వాషింగ్టన్ రేడియోకు ఉత్తరం రాసింది. అక్కడి అనౌన్సర్ కారల్ జేమ్స్ ఒక ఎయిర్‌హోస్టెస్ చేత లండన్ నుంచి "ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్" రికార్డు తెప్పించి వేశాడు. ఫోన్లు మోగిపోయాయి. ఎట్టకేలకు ఒప్పుకుని జనవరిలో విడుదల చేద్దామనుకున్న క్యాపిటల్ కంపెనీ డిసెంబరు 26నే హడావిడిగా దించింది.

ఇంగ్లిష్ నేర్చుకోవడమూ అంతే, రాత్రికి రాత్రే రాదు. మా రోజుల్లో రేడియో సిలోన్‌లో ఆ పాట ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. పెన్సిలు పట్టుకుని కూర్చునేవాళ్లం. అందిన ముక్క రాసి, అందనిచోట గీత గీసి వదిలేసేవాళ్లం. మళ్లీ వచ్చినప్పుడు ఆ ఖాళీ నింపేవాళ్లం. బీటిల్స్‌కు పాటలు రాసిన జాన్, పాల్ మొదట్లో కావాలనే నేను, నువ్వు, ఆమె లాంటి మాటలతో పాటలు కట్టారు. అన్నీ చిన్న చిన్న మాటలే కాబట్టి తెలుగు మీడియంవాళ్లకూ చిక్కేవి. ఇప్పుడు పాట మొదలవకముందే తెరమీద అక్షరాలు పరుగెడతాయి. ఇక చెవికి పనేముంది? వేలకు వేలు పోసి స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లకు కూడా, ఇంగ్లండువాడు నోరు తెరిస్తే సబ్‌టైటిల్స్ కావాలి!

ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలూ, నా మాట వినండి. "ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్" రెండున్నర నిమిషాలైనా లేదు. ఫోను బోర్లా పెట్టి వినండి, వినపడినంత కాగితం మీద రాయండి. నాలుగోసారికీ అందని ముక్కలుంటే, అప్పుడు తెరిచి చూసుకోండి.