ఆత్మీయ అతిథి కంటతడి

పుస్తకావిష్కరణ సభలో అధ్యక్షుడికి చీటీలు పంపే పని ఉంటుంది, ఆవిష్కర్తకు రంగు కాగితం చింపే పని ఉంటుంది, ముఖ్య అతిథికి ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లే పని ఉంటుంది. ఏ పనీ లేకుండా చివరిదాకా వేదిక మీద కూర్చోవలసినవాడు ఆత్మీయ అతిథి ఒక్కడే. ఉద్యోగ విరమణ చేసి కొన్నేళ్లయి ఉంటుంది, లాల్చీకి ఇస్త్రీ మడత చెదరదు, కప్పిన శాలువాను వెంటనే తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఆరింటికని వేసిన సభ ఏడింటికి మొదలై, "సమయాభావం వల్ల రెండే రెండు మాటలు" అన్న వక్త మూడో కాగితం తిప్పేసరికి ఈయన కళ్లు చెమ్మగిల్లుతాయి. సరిగ్గా అప్పుడే కవిగారి తల్లి ప్రస్తావన వచ్చిందా, ఇక తిరుగులేదు. సభ చూస్తుంది, కవి చూస్తాడు, ఫొటోగ్రాఫరు చూస్తాడు. ఎంత ఆర్ద్రమైన మనిషో అని వెనక వరసలో గుసగుసలు. నేననేది, ఆ తడికీ కవిగారి తల్లికీ ఏ సంబంధమూ లేదని. అది బయటికి రానివ్వని ఆవులింత.

కన్నీటి గ్రంథి కనుగుడ్డుకు పైన, బయటి కొసవైపు ఉంటుంది. ఏ దుఃఖంతోనూ పని లేకుండా రోజంతా కొద్దికొద్దిగా నీరు ఊరుస్తూనే ఉంటుంది. ఊరిన నీరు కంటిని తడిపి, ముక్కు పక్కన రెప్పల అంచుల్లో ఉన్న సన్నని రంధ్రాల గుండా ముక్కులోకి దిగిపోతుంది. ఆవులింత వచ్చినప్పుడు దవడతోపాటు ముఖమంతా బిగుసుకుంటుంది. కంటి చుట్టూ ఉన్న కండరం రెప్పల్ని గట్టిగా నొక్కుతుంది. ఆ నొక్కుడుకి గ్రంథిలోని నీరూ, కంట్లో అప్పటికే నిలిచిన నీరూ ఒక్కసారి కదులుతాయి. దిగిపోవలసిన దారి మాత్రం అదే క్షణంలో మూసుకుపోతుంది. ఇక రెప్ప అంచు దాటడం తప్ప నీటికి గతి లేదు. పైగా వయసు మీదపడితే రెప్పలు వదులవుతాయి, ఆ దారీ సన్నబడుతుంది. ఆత్మీయ అతిథిగా పాతికేళ్ల కుర్రాణ్ని పిలవని నిర్వాహకులు తెలియకుండానే శాస్త్రం పాటిస్తున్నారు.

అంతగా వస్తుంటే నోరు తెరిచి ఆవులించవచ్చు కదా అంటారేమో. ఎలా ఆవులిస్తాడు పాపం? ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లంతా మొదటి రెండు వరసల్లోనే కూర్చుంటారు. వాళ్లలో సగంమంది ఆ కుర్చీలోకి తమను పిలవలేదని కినుక వహించినవాళ్లు. ఇంట్లోనైతే నోటి ముందు చిటికె వేసి "రామా కృష్ణా" అనుకోవచ్చు. మైకు పక్కన చిటికె వేస్తే వక్తను ముగించమన్నట్టవుతుంది. అందుకని పళ్లు బిగిస్తాడు. ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, గడ్డం ఛాతీ వైపు దిగుతుంది, మెడ మీద నరాలు తేలతాయి, పెదవులు మాత్రం విడవవు. ఆహ్వాన పత్రిక మెల్లగా మూతి మీదికి వస్తుంది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ ప్రాంగణంలో ఆవులింతల మీద ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ ప్రొవైన్ ఈ అవస్థను కూడా పరీక్షించాడు. ముక్కు మూసుకుని ఆవులించినవాళ్లకి ఏ ఇబ్బందీ కలగలేదు. పళ్లు బిగించి ఆవులించినవాళ్లు మాత్రం మధ్యలో ఇరుక్కుపోయినట్టుందన్నారు. మామూలు ఆవులింత ఆరు సెకన్లలో తేలిపోతుంది. ఇరుక్కున్నది తీరదు కాబట్టి తిరిగి ప్రయత్నిస్తుంది, ప్రయత్నించినప్పుడల్లా రెప్పలు బిగుస్తాయి. సన్మానపత్రం చదివేలోగా శాలువా అంచు తడుస్తుంది.

తలుపులు మూసిన హాల్లో ప్రాణవాయువు చాలకే ఈ ఆవులింతలని ఒక వైద్యులవారైనా లేచి చెబుతారు. ప్రొవైన్ బృందం 1987లోనే ఆ సంగతి చూసింది. బొగ్గుపులుసు వాయువు కలిపిన గాలి పీల్పించినా, అచ్చం ఆక్సిజన్ పీల్పించినా ఆవులింతల లెక్క మారలేదు. కాబట్టి నేరం గాలిది కాదు, మూడో కాగితానిది.

గట్టి అభ్యంతరం మరొకటుంది. ఒక్కడి కళ్లయితే సరేననుకుందాం, సభలో సగంమంది కళ్లు తుడుచుకున్నారే, అందరిదీ ఆవులింతేనా? అందరిదీనూ. ఆవులింతకు అన్న ఉన్నాడు గాని తుమ్ముకు తమ్ముడు లేడని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. నోరు కనబడకుండా తీసేసిన ఆవులింత ముఖాన్ని చూపించినా చూసేవాళ్లకి ఆవులింత అంటుకుందనీ, ఉత్త నోరు ఒక్కటే చూపిస్తే అంతగా అంటుకోలేదనీ ప్రొవైన్ ప్రయోగాల్లో తేలింది. అంటే మూతికి అడ్డం పెట్టిన ఆహ్వాన పత్రిక దేన్నీ ఆపలేదు. చిట్లిన ఆ కళ్ల నుంచే అది మొదటి వరసకు, అక్కణ్నుంచి వెనక్కు పాకింది. ఇంకా నమ్మకం కుదరనివాళ్లు ఆయన ముక్కు చూడాలి. నిజంగా ఏడ్చేవాడికి నీరు ధారగా వస్తూ ముక్కులోకీ దిగుతుంది, అందుకే ఎగబీల్చక తప్పదు, గొంతూ పూడుకుపోతుంది. మన ఆత్మీయుడు ఒక్కసారి కూడా ఎగబీల్చడు. కంటి కొస ఒత్తుకుని గోడ గడియారం కేసి చూస్తాడు.

ఇదంతా నటన అనడం మాత్రం అన్యాయం. ఆయన ఏడుస్తున్నానని ఎవరికీ చెప్పలేదు, కవిగారే అలా చదువుకున్నారు. చదువుకుని ఊరుకుంటారా, రెండో సంపుటికి ఆయన్ను విశిష్ట అతిథిని చేసి పావుగంట ప్రసంగం అప్పగిస్తారు. ఆ సాయంత్రం తన ప్రసంగం కాగితాలు సర్దుకునే హడావిడిలో ఆయనకు ఒక్క ఆవులింతా రాదు. కళ్లు పొడిగా, చురుగ్గా ఉంటాయి. "పదవి రాగానే మనిషి మారిపోయాడండీ" అంటుంది వెనక వరస, కళ్లు తుడుచుకుంటూ.