ఒడ్డున దిగేదెవరు? రాజురావాసులకు పాత ఉభయచర బండి సలహాలు

వార్ధా నది వంతెనెక్కి కూర్చునే ఊళ్ళో ఉంటూ ఇంకా మోటారు సైకిలుతోనే కాలక్షేపం చేస్తున్నారంటే మీకు ముందుచూపు లేదన్నమాట. రాజురాకూ బల్లార్షా రైలుస్టేషనుకూ మధ్య ఉన్నది ఒక్క ఏరే. 2022 జులై వరదల్లో ఆ దారి మూతపడితే టికెట్టు ఈ ఒడ్డున, రైలు ఆ ఒడ్డున మిగిలాయి. ఇలాంటి చోట నేల మీదా నీటి మీదా నడిచే బండి లేకపోవడం తప్పు. కొత్తది కొనే స్తోమత ఉన్నవాడు ఈపాటికే నాగపూర్‌లో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయి ఉంటాడు. కాబట్టి మన మాట పాత బండి గురించి, అందులోనూ సైజు గురించి.

సైజు విషయంలో రాజురావాడి కన్నును నమ్మకూడదు. సాస్తి, పౌని బొగ్గు గనుల్లో డంపర్లు చూస్తూ పెరిగిన కన్ను అది. వాటి టైరు పక్కన నిలబడి ఫోటో దిగినవాడికి ఆరు చక్రాల ఆర్గో అనే ఉభయచర బండి చూపిస్తే, "మంచిగున్నది దాదా, ఇది పెద్దగైనంక ఎట్లుంటది?" అని అడుగుతాడు. పెద్దదవదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 1967 నుంచి చేస్తున్న బండి ఇది, అంతే ఉంటుంది. ఒకటిన్నర మీటరు వెడల్పు, ప్లాస్టిక్ ఒళ్ళు, గాలి తక్కువ పట్టించిన లావుపాటి టైర్లు. నీళ్ళలోకి దిగాక తెడ్డు పని చేసేవీ ఆ టైర్లే.

అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. ఆరు చక్రాల రకం నేల మీద నలుగుర్ని మోస్తుంది, నీటిలో ఇద్దర్నే. ఎనిమిది చక్రాలది నేల మీద ఆరుగుర్ని, నీటిలో నలుగుర్ని. తయారు చేసినవాళ్ళు చెప్పే మాటే ఇది. అంటే చిన్నది కొన్నా పెద్దది కొన్నా నది ఒడ్డుకు రాగానే ఇద్దరు దిగాలి. రెండు చక్రాలకు అదనంగా డబ్బు పోసినవాడికి కూడా ఈ ఇద్దరి బాధ తప్పదు. కనుక బండి చూడ్డానికి వెళ్ళేముందు ఇంజిను సత్తువ గురించి వాకబు చేయకండి. ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి, ఒడ్డున దిగేదెవరో తేల్చుకోండి. తేల్చుకోకపోతే ఏమవుతుందో చూడండి:

"బావా, నువ్వు దిగు."

"నేనెందుకు దిగుతరా? పెట్రోలు పోయించింది నేనే గదా."

"మరి అక్కను దింపుదమా?"

"దింపి చూడున్రి. పోతున్నది నా తల్లిగారింటికి. నేను లేకుంట మీరు పోయి ఏం జేస్తరు?"

ఈ లోపల నది ఇంకో మెట్టు ఎక్కుతుంది. కొందరు తెలివైనవాళ్ళు ఈ గొడవే వద్దని ఎనిమిది చక్రాలది కొంటారు. ఆరు సీట్లున్నాయని తెలిసిన మర్నాటికి బంధువులు ఎనిమిదిమంది అవుతారు. నా మాట వింటే ఆరు చక్రాలది కొనండి. ఇద్దరికే చోటున్న బండిలో తగువులాడ్డానికి మూడోవాడు ఉండడు.

ఇక నేల సంగతి. ఈ బండి ముందు చక్రాలు పక్కకు తిరగవు. మళ్ళాలంటే ఒక వైపు చక్రాలకు బ్రేకు పడుతుంది, రెండో వైపువి ఈడ్చుకుపోతాయి. ఎనిమిది చక్రాలది బరువు నలుమూలలా పంచుకుని మెత్తటి నేలలో తక్కువ దిగబడుతుంది, కానీ పొడుగెక్కువ కాబట్టి మళ్ళడానికి మొరాయిస్తుంది. ఆరు చక్రాలది చటుక్కున మళ్ళుతుంది, వానాకాలపు రేగడిలో చటుక్కున దిగబడుతుంది కూడా. ఏది మళ్ళినా కింద ఉన్నది దున్నినట్టే. అందుకని మళ్ళే విద్య మొదట ఇతరుల పత్తిచేలో నేర్చుకోవడం మంచిది. చేను ఎవరిదో ముందే తెలుసుకుంటే పరిగెత్తాల్సిన దిక్కు తెలుస్తుంది.

నీటిలో దీని వేగం గంటకు అయిదు కిలోమీటర్లు దాటదు. కదలని నీళ్ళకే వాడమని చేసినవాళ్ళే చెప్పారు. ఆ మాట అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడు. ఎగువన ఇరాయి డ్యాము గేట్లెత్తాక వార్ధాకు మీ అయిదు కిలోమీటర్లు లెక్కలోకి రావు. బల్లార్షాకని బయల్దేరినవాళ్ళు తుమ్మిడిహెట్టి దగ్గర తేలతారు. వైన్‌గంగ కలిసి వార్ధా ప్రాణహితగా మారేది అక్కడే, ఆ ఒడ్డు తెలంగాణది. దిగులు పడకండి. రాజురా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది కాబట్టి పాత జిల్లాకు చుట్టపుచూపుగా వచ్చామని చెప్పుకోవచ్చు. అక్కడా ఒడ్డుకు పట్టలేకపోతే ముందు కాళేశ్వరం ఉంది, గోదావరి ఉంది. ఇందులో సైజు ప్రసక్తి లేదు. వరద ముందు ఆరు చక్రాలైనా ఎనిమిదైనా ఒకటే.

"అయితే ఇంకా పెద్దది లేదా?" అంటారా, ఉంది. 2025 ఆగస్టులో పంజాబ్ వరదలప్పుడు అమృత్‌సర్ జిల్లాలో మన సైన్యం దింపిన ఆటర్ ఎన్ 1200. మనిషెత్తు టైర్లు, 1,200 కిలోల మోత. డంపర్లు చూసిన కంటికి ఆనేది అదొక్కటే. సైన్యం దాన్ని పాత ఇనుము కింద వేలం వేసేదాకా ఓపిక పట్టండి. అంతవరకు బండి పెట్టడానికి చోటు చూసుకోండి. రాజురా బజారు సందుల్లో దానికి ఎదురు వచ్చిన ఎడ్లబండి వెనక్కి నడవాలి, ఎద్దులకు ఆ అలవాటు లేదు.

పాత బండిని పరీక్షించడం సులువు. అడుగున నీళ్ళు వదిలే బిరడాలున్నాయో లేదో మొదట చూడాలి. చూడకుండా చెరువులో దింపితే ఆ సంగతి బండే చెబుతుంది. ప్లాస్టిక్ ఒంటి మీద ఒకచోట మాత్రమే కొత్త రంగు మెరుస్తుంటే అది అలంకారం కాదు, పగులు. చక్రాలను తిప్పే చైన్లు లోపల ఉంటాయి. సాగిపోయినవి కరకరలాడతాయి. ఇరుసుల సీళ్ళు అరిగితే గ్రీజు బయటికీ నీళ్ళు లోపలికీ వస్తాయి. ఎనిమిది చక్రాలంటే సీళ్ళూ చైన్లూ అంత ఎక్కువ. మీరు కొంటున్నది సైజు కాదు, మెకానిక్ పిల్లల చదువు.

కాగితాల విషయంలోనూ ధైర్యంగా ఉండాలి. విదేశాల నుంచి పాత వాహనం తెచ్చుకోవాలంటే అది మూడేళ్ళకన్నా పాతది కాకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి. దీనికి అసలు స్టీరింగు చక్రమే లేదు, హ్యాండిల్ ఉంటుంది. ఇంకా పాతవాటికి రెండు లివర్లు. చంద్రపూర్ ఆర్టీఓ కిటికీ దగ్గర ఇది నేలబండని చెబితే పడవ కాగితాలు అడుగుతారు, పడవని చెబితే ఎంహెచ్ 34 నంబరు ఏదంటారు. రెండూ నిజమేనని ఒప్పుకోవద్దు, రెండు రుసుములు కట్టాల్సి వస్తుంది.

అమ్మదలిస్తే మార్చిలో ఎవరికీ చూపించకండి. ఎండిన వార్ధాలో ఇసుక ట్రాక్టర్లు తిరుగుతుంటే నీళ్ళ మీద నడిచే బండిని ఎవరూ నమ్మరు. జులైలో వంతెన దగ్గర పోలీసులు అడ్డుకర్రలు పెట్టే రోజు చూసుకుని రాజురా వైపు నిలబెట్టండి. బల్లార్షా వైపు నుంచి వచ్చి తక్కువ ధర చెప్పి పోటీ పడే అమ్మకందారు ఆ రోజు ఒక్కడూ రాలేడు.