ప్యాకేజీ ఏడాదికి, కిస్తు నెలకు

మృగశిర కార్తె వచ్చిందంటే ఆదిలాబాద్ రైతు పత్తి విత్తనాల దుకాణం ముందు నిలబడతాడు. ఆ రోజుల్లోనే ఆయన కొడుకు ఎప్‌సెట్ ర్యాంకు పట్టుకుని నెట్ సెంటర్ ముందు నిలబడతాడు. ఇద్దరిలో తండ్రే నయం. సీసీఐ వాళ్లు తేమ చూసి ఎంత ముఖం చిట్లించినా పత్తికి మద్దతు ధర అనేది ఒకటుంది. బీటెక్ సీఎస్ఈకి అదీ లేదు.

పాత కరీంనగర్ జిల్లాకు అప్పు లెక్కలు కొత్త కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏజెంటుకు పైసలు కట్టి దుబాయి పోయినోళ్ల ఇళ్లలో ముసలమ్మలు కూడా వేళ్ల మీద చెప్పేవాళ్లు: వీసాకు ఇంత, మిత్తి ఇంత, ఎన్ని నెలలు ఎండలో పనిచేస్తే అసలు తీరుతుంది, ఎప్పటినుంచి పంపేది మనది అని. అంత పక్కాగా లెక్కగట్టిన ఇళ్లే బీటెక్ దగ్గరికొచ్చేసరికి కాగితం, కలం దాచేస్తాయి. చదువుకు లెక్కలడిగితే సరస్వతి చిన్నబుచ్చుకోదూ? ఆ తల్లి మాత్రం బాసరలో, 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ పక్కనే ఉంది. అక్కడ పదో తరగతి మార్కులకే సీటు. కొండగట్టు అంజన్నకు దగ్గర్లో నాచుపల్లి జేఎన్టీయూ ఉంది. ఆ రెండిట్లోనూ రానివాళ్ల కోసమే కాబోలు, హైదరాబాద్ చుట్టూ రోడ్డుతో ఒక రింగు, కాలేజీలతో ఇంకో రింగు వేశారు.

సర్కారు ఫీజు కడుతుంది కదా అంటారు. కడుతుంది. పదివేల లోపు ర్యాంకు బీసీ పిల్లలకు ఫీజంతా, ఆపైన వస్తే 35,000. కట్టాల్సింది ఏళ్ల తరబడి కట్టకపోయేసరికి 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. కాలేజీకి సర్కారు మీద కోపం వస్తే పిల్లగాని సర్టిఫికెట్ బీరువాలోకి పోతుంది.

మంథని దగ్గరుండే మా మామ ముందు ఒకసారి ఈ బీటెక్ అప్పు లెక్క పెట్టి చూశాను. భూమి కాగితాలు తాకట్టు పెట్టకుండా బ్యాంకిచ్చే విద్యారుణానికి మామూలుగా హద్దు 7.5 లక్షలు. పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 10,120 రూపాయలు. చదువుకున్నన్నాళ్లూ పేరుకునే మిత్తి ఇందులో కలపలేదు. పెద్ద ఐటీ కంపెనీలు కొత్తవాళ్లకు చూపే ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడున్నర లక్షల దగ్గరే చతికిలబడింది. కోతలు పోను చేతికి పాతిక వేలొస్తే గొప్ప. అందులో గచ్చిబౌలి హాస్టలు ఒక ముక్క కొరుకుతుంది.

"నెలకు పదివేల కిస్తు, మామా."

"ప్యాకేజీ మూడున్నర లచ్చలు గదరా అల్లుడా!"

"అది ఏడాదికి."

మామ గడ్డం గోక్కున్నాడు. "గట్లయితె కిస్తు గూడ ఏడాదికే జెప్పుమనరాదు, బ్యాంకోన్ని!"

నవ్వకండి, ఇంగ్లండులో దాదాపు అట్లాగే చెబుతారు. అక్కడ 2023 ఆగస్టు నుంచి అప్పుతో డిగ్రీలో చేరినవాళ్లు ఏడాదికి 25,000 పౌండ్లకు మించి సంపాదిస్తేనే, ఆ మించినదాంట్లో 9 శాతం కడతారు. 40 ఏళ్లకు ఏమైనా మిగిలితే మాఫీ. జీతం వచ్చేదాకా అప్పు ఓపిక పడుతుంది. మన దగ్గర ఓపిక పట్టేది పిల్లలే. 2022 బ్యాచ్‌లో ఇన్ఫోసిస్ ఆఫర్ లెటర్ అందుకున్న దాదాపు రెండువేల మంది, చేరే తేదీ కోసం రెండేళ్లదాకా చూశారు. ఆఫర్ లెటర్ చూపిస్తే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు డిస్కౌంటైనా ఇయ్యవు, ఇక బ్యాంకు కిస్తు ఆపుతుందా?

అయినా ఈ లెక్క జీతంతో తేలేది కాదని మామకు నాకంటే ముందే తెలుసు. కట్నం తీసుకోవడం 1961 నుంచి నేరమే గనక దాన్ని ఏ బ్యాంకు ఫారంలోనూ రాయరు. కానీ సాఫ్ట్‌వేర్ పిల్లగాని పెద్ద అప్పు తీర్చేది చాలాసార్లు వియ్యంకుడే. ఆ వియ్యంకుని బిడ్డకూ సీఎస్ఈ ఉంటుంది, దానికీ ఒక లోను ఉంటుంది. పాపం, ఆయనది రెండు కిస్తుల బతుకు.

లెక్కంతా వేసిన కాగితం మామ చేతిలో పెట్టాను. వెనక్కి తిప్పి చూసి, ఖాళీగా ఉందని తేల్చుకుని మళ్లీ నాకే ఇచ్చాడు.

"చిన్నోడు ఇంటర్ల వడ్డడు. ఉత్త సీఎస్ఈ కన్న ఏఐ ఎంఎల్‌కు ఎంత ఎక్కువ గుంజుతున్నరో గీ ఎనుక రాసియ్యి, అల్లుడా."